ఒట్టన్‌చత్రం రోజునే ఆగే లారీ

సూలూరులో బళ్ళ కరెంటు పని చేసేవాళ్ళు అయిదారుగురు ఉన్నారు. వాళ్ళలో బండి కంటే ముందు డ్రైవరును విప్పి చూసేవాడు యేసుదాస్ ఒక్కడే. అతని షెడ్డుకు ఆనుకునే నా విడిభాగాల కొట్టు ఉంది కాబట్టి ఇరవై ఏళ్ళుగా ఆ తతంగం చూస్తున్నాను. బండి తెచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, బయలుదేరినప్పటి నుంచి బండి ఆగేదాకా ఏం జరిగిందో చెప్పమంటాడు. టీ ఎక్కడ తాగావు, వాన పడిందా, పక్కన ఎవరు కూర్చున్నారు? పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. నాకు ఒళ్ళు మండేది. ఆ సమయంలో ఏదో ఒక సామాను మార్చి పారేస్తే నా బేరమూ అయ్యేది కదా.

యేసుదాస్‌కు యాభై రెండేళ్ళు. తల్లీ తండ్రీ ఇద్దరూ మిల్లు కూలీలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పదో తరగతితో చదువు ఆపి హారన్లు, డైనమోలు బాగుచేయడం నేర్చుకున్నాడు. బళ్ళలోకి కంప్యూటర్లు వచ్చేసరికి అతని తోటివాళ్ళు సగంమంది పని వదిలేశారు. ఇతను మాత్రం నలభై అయిదో ఏట ఆర్.ఎస్. పురంలో సాయంకాలం క్లాసులకు పోయి, కొడుకుల వయసువాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకున్న అతని నోటుబుక్కు అతను తప్ప ఇంకొకరు చదవలేరు.

పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గోపాలసామి లారీ వచ్చింది. గోపాలసామికి మగ్గాల షెడ్డు, మూడు లారీలు ఉన్నాయి. ఈ లారీ బుధవారం, శనివారం కూరగాయల కోసం ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు పోతుంది, తక్కిన రోజుల్లో ఊళ్ళోనే నూలు మోస్తుంది. దాన్ని పదకొండేళ్ళుగా నడుపుతున్నది ముని. ఆ నెలలో మూడుసార్లు, ఒట్టన్‌చత్రం పోయే రోజునే, పల్లడం దాటాక లారీ ఆగిపోయింది. మీటరు ముళ్ళన్నీ ఒక్కసారిగా పడిపోయి ఇంజిన్ ఆగేదట. రెండు మూడు గంటలకు దానంతట అదే స్టార్టయ్యేదట. మెకానిక్కు దగ్గరికి వస్తే ఏ తప్పూ దొరకదు. బండి ఆగలేదు, వీడే రోడ్డు పక్కన పడుకుంటున్నాడని గోపాలసామి తేల్చుకున్నాడు. తాళంచెవి ముని దగ్గర తీసుకుని యేసుదాస్ చేతికిచ్చాడు. సాయంత్రంలోగా తప్పు దొరక్కపోతే రేపటి నుంచి వేరే డ్రైవరు వస్తాడని, ముని ఎదుటే చెప్పి వెళ్ళాడు.

లారీలోని కంప్యూటర్ డబ్బాల్లో ఏముందో చదివే స్కానరును యేసుదాస్ తగిలించాడు. ఇంజిన్ డబ్బా, బ్రేకు డబ్బా, మీటరు డబ్బా మూడూ ఒకే ఫిర్యాదు దాచుకుని ఉన్నాయి: తక్కినవాటి మాట తమకు అందలేదని. ఈ డబ్బాలన్నీ మెలిపెట్టిన రెండు తీగల మీదే మాట్లాడుకుంటాయి. ఆ తీగలు బాగుంటే వాటి మధ్య అరవై ఓములు చూపాలి. చేతి మీటరు పెడితే సరిగ్గా అరవై చూపింది. తీగల్ని లాగాడు, ఊపాడు, అయినా అరవయ్యే. ఇంజిన్ డబ్బా మార్చెయ్యమని, కొత్తది నా కొట్లోనే ఉందని నేను రెండుసార్లు చెప్పాను. ఒక డబ్బా చెడితే మూడూ ఒకేసారి ఎందుకు ఏడుస్తాయని అతను నన్నే అడిగాడు.

ముని అప్పటికి మూడుసార్లు కథ చెప్పాడు, మూడుసార్లూ పల్లడం నుంచే మొదలుపెట్టాడు.

"పల్లడం కాదు తంబీ," అన్నాడు యేసుదాస్. "మొదలాళి వాకిట్లో వండి తీసిన కాడి నుంచి చెప్పు." మా వైపు యజమానిని మొదలాళి అనీ, బండిని వండి అనీ అంటాం.

ముని కాసేపు నసిగి చెప్పాడు. గోపాలసామి తల్లి సుబ్బమ్మాళ్ నీళ్ళు పోస్తుందట. మూడు నెలల ముందు, చిత్తిరైలో, ధారాపురం దగ్గర టైరు పేలి ముని చావు తప్పి బయటపడ్డాడు. అప్పటి నుంచి ఒట్టన్‌చత్రం పోయే రోజుల్లో ఆ ముసలావిడ మెట్టు పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కి, ముందు అద్దం కింద ఉన్న మురుగన్ పటం దగ్గర చెంబెడు పసుపు నీళ్ళు పోస్తోంది. దిష్టి తగలకుండా అందులో గుప్పెడు కల్లుప్పు కలుపుతుంది.

ఉప్పు మాట వినగానే యేసుదాస్ స్క్రూడ్రైవరు తీశాడు. పటం వెనక, అద్దానికి గాలి వచ్చే సందు కిందనే ఆ రెండు తీగలు కలిసే కనెక్టరు ఉంది. విప్పితే లోపలంతా మూడు నెలలుగా పేరుకున్న పసుపు మరక, తెల్లటి పొక్కు, పిన్నుల మీద పచ్చటి చిలుం. అయితే అన్నీ పొడిగా ఉన్నాయి. దొరికింది కదా అని నేను లేచాను. మరక చూసి తీర్పు చెప్పనన్నాడు అతను.

టీకొట్టు నుంచి ఉప్పు, పసుపు తెప్పించి లోటాలో కలిపాడు. కనెక్టరు మళ్ళీ తగిలించి ముని చేత ఇంజిన్ స్టార్టు చేయించాడు. తీగ మీద రెండున్నర వోల్టుల దగ్గర ఆడుతున్న అంకె, నీళ్ళు పోసిన కాసేపటికి పైకి జరగడం మొదలుపెట్టింది. పక్క పిన్నులోని బ్యాటరీ కరెంటు ఉప్పునీళ్ళ మీదుగా మాటల తీగలోకి పారుతోంది. మీటరు ముళ్ళన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. ఇంజిన్ ఆగింది. స్టీరింగు పట్టుకుని కూర్చున్న ముని ఏడ్చాడు. నెల రోజులుగా అతను చెబుతున్నదాన్ని నమ్మింది ఆ లారీ ఒక్కటే, అదీ ఇప్పుడు.

ఇక చెప్పాల్సింది గోపాలసామికి. అతని తల్లి దేవుడి పటం ముందు పోసే నీళ్ళ వల్లే బండి ఆగుతోందని, ఆదివారం చర్చికి పోయే యేసుదాస్ వెళ్ళి ఎలా చెబుతాడు? కనెక్టరు పాతబడిందని చెప్పి మార్చెయ్యమన్నాను. పిరికి సలహానే, ఒప్పుకుంటాను.

"కనెక్టరు మీద వేస్తే ముని పేరు బాగుపడదు," అన్నాడు. "మళ్ళా బుధవారం అమ్మ నీళ్ళు పోస్తాది, మళ్ళా వండి నిలుస్తాది. అప్పుడు వీడు ఇంటికే."

మునితో కలిసి ముగ్గురం గోపాలసామి ఇంటికి వెళ్ళాం. యేసుదాస్ కనెక్టరును అరచేతిలో పెట్టుకుని, స్కానరు చూపిందీ, నీళ్ళు పోస్తే జరిగిందీ వరసగా చెప్పాడు. గోపాలసామి ముఖం ఎర్రబడింది.

"మా అమ్మ పోసే నీళ్ళ మీదా నువ్వు తప్పు పెట్టేది?"

అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న సుబ్బమ్మాళ్ చేట పక్కన పెట్టింది. కనెక్టరు ఇలా ఇమ్మంది. ఆ తెల్లటి పొక్కును గోటితో గీకి, నాలిక మీద వేసుకుంది. మేమంతా చూస్తూ నిలబడ్డాం. ఆవిడ తొందరపడలేదు.

"నా ఉప్పే గోపాలా," అంది. "యేసుదాస్‌ను తిట్టొద్దు."

తర్వాత కొడుకు వైపు కాకుండా ముని వైపు తిరిగింది. "నేను చేసిన పనికి నువ్వు మాట పడితివే. నీళ్ళ సంగతి ముందే చెప్పి ఉండరాదా?"

ముని తల వంచుకునే జవాబిచ్చాడు. "నీళ్ళకు వండి నిలుస్తాదని నాకు తెలీదమ్మా. తెలిసినా చెప్పి ఉండను. నా బ్రతుకు కోసం సామి ముందర నీళ్ళు పోసింది మీరు ఒకరే."

సుబ్బమ్మాళ్ యేసుదాస్ దగ్గర తాళంచెవి అడిగి తీసుకుంది. ముని చెయ్యి చాపలేదు. ఆవిడే అరుగు దిగి వచ్చి, అతని చొక్కా జేబులో వేసింది.