ఫోనుకు చుట్టిన చిప్సు ప్యాకెట్లు

మొగుడు సముద్రంలోంచి రాకపోతే నేను ఒడ్డున కూర్చుని చిప్సు మేశానని భావనపాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. తిన్న మాట నిజమే. ఎందుకు తిన్నానో మాత్రం ఒక్కరూ అడగరు. అడిగితే కథ రుచి పోతుందని భయం కాబోలు.

మా ఆయన వేటకు వెళ్తూ ఫోనును పాలిథిన్ సంచిలో కట్టుకునేవాడు. అలా రెండు ఫోన్లు ఉప్పునీళ్లకు పోయాయి. డిగ్రీ చదివినదాన్ని, ఊరుకుంటానా? చిప్సు ప్యాకెట్ లోపల వెండిలా మెరుస్తుంది, చుక్క నీరు దిగదు, దాంట్లో చుట్టుకో అని నేనే నేర్పాను. ఖాళీ ప్యాకెట్లు కడిగి, దండెం మీద ఆరేసి దాచేదాన్ని. బటన్ల ఫోను అయిదు రూపాయల ప్యాకెట్‌లో సరిగ్గా పట్టేది. ఎంత కడిగినా ఆయన చెవి దగ్గర మసాలా వాసనే.

ఆ రోజు తెల్లారకముందు వెళ్లిన బోట్లన్నీ పొద్దెక్కేసరికి తిరిగొచ్చాయి. మా ఆయనా, మరిదీ ఉన్న బోటు ఒక్కటే రాలేదు. బోటులో ఉన్న ఫోను మా ఆయనదే. ఎన్నిసార్లు చేసినా ‘అందుబాటులో లేదు’ అని అదే ఆడగొంతు. దాని పీక పిసకాలనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది, రేకు డబ్బాలో పెట్టిన రేడియో సిగ్నల్ అందక మూగబోవడం కాలేజీలో చూపించారు. మరి నా వెండి ప్యాకెట్ సంగతేమిటి? ఫోను మోగనిది వాళ్లు దూరం కొట్టుకుపోయినందుకు కాదేమో, నా తెలివి వల్లేమో.

పరీక్షించి చూద్దామంటే, దాచిన ఖాళీ ప్యాకెట్లన్నీ ఆయనే పట్టుకెళ్లాడు. కొట్లో వేలాడుతున్న ప్యాకెట్ల దండ ఒకటి కొని, తోటికోడలిని తీసుకుని ఇసుకలో కూర్చున్నాను. చిప్సు కాకులకు పారబోయొచ్చు. కానీ పళ్లకు పని లేకపోతే నాకు ఏడుపొచ్చేస్తుంది. తోటికోడలి మొగుడూ అదే బోటులో ఉన్నాడు, దాని ముందు ఏడిస్తే ఎలా?

ఎదురింటి ముసలామె చూడనే చూసింది. “ఓసి నీ కడుపు కాల! మొగుడు నీటిమీదుంటే సిప్సు ఎలా దిగతన్నాయే నీకు?”

“నీకూ ఓటి కావాలేటి పెద్దమ్మా? కారంగా ఉంటాది,” అన్నాను. ఊళ్లో మిగిలిపోయింది ఆ ఒక్క మాటే.

నా ఫోను ఒక ప్యాకెట్‌లో పెట్టి మూతి మడిచి, తోటికోడలి ఫోను నుంచి దానికి చేయించాను. మోగింది. దాన్ని ఇంకో ప్యాకెట్‌లో దూర్చాను.

“మోగతన్నాదక్కా,” అంది. మోగిందంటే తప్పు ప్యాకెట్‌ది కాదు, వాళ్లు నిజంగానే దూరం పోయినట్టే. మూడోది తొడిగి గట్టిగా మడిచాను.

“అందుబాటులో లేదంటన్నాది!” అని నన్ను వాటేసుకుంది. మళ్లీ చేస్తే ఒక్కసారి మోగి ఆగిపోయింది. మూడోసారి చేయనివ్వలేదు. తప్పు నాదే కావాలని నేను దేవుడికి మొక్కుకున్నది ఆ పూట ఒక్కటే.

దీపాలు పెట్టేవేళకు ఇంకో బోటు వెనక తాడు కట్టుకుని వచ్చారు. ఇంజను ఆగిపోయిందట. దాన్ని విప్పడంతోనే మధ్యాహ్నమైందట, తీరా ఫోను తీస్తే చార్జింగు అయిపోయి చేతిలోనే ఆరిపోయిందట.

చెంబు చేతిలో పట్టుకునే అడిగాను. “ఎన్ని పేకెట్లలో సుట్టావు మావా?”

“ముందు నీళ్లియ్యే, సచ్చిపోతన్నాను.”

తాగాక మళ్లీ అడిగాను.

“ఒకటో మూడో, నాకేటి గుర్తు? ఇప్పీసరికి గాలికెగిరిపోనాయి. నీ పేకెట్లు లెక్కెట్టుకోడానికా నేను ఏటకెల్లింది?”

ఇప్పుడు ఫోనుకు జిప్పు సంచి వచ్చింది. పెద్దమ్మ కథ మాత్రం ఏటేటా పెరుగుతోంది, అందులో చిప్సు ప్యాకెట్లు డజను దాటాయి. మూడు చుట్టి ఉంటే ఆ ఉదయమంతా మా ఆయన ఒడ్డుకు దగ్గర్లోనే ఉండి ఉండొచ్చు. ఒక్కటే చుట్టి ఉంటే ఎంత దూరం పోయి వచ్చాడో తలచుకోను కూడా లేను. నేను అడిగినప్పుడల్లా ఆయన వల సర్దుకోవడంలో పడతాడు. నిజంగానే గుర్తు లేదా మావా, లేక నాకు చెప్పకూడదనుకున్నావా?