ఎనిమిది సిలిండర్లూ పట్టేసిన కారు

ఆ రోజుల్లో మా అన్నయ్య పొద్దున్నే లేచి చేసే పని ఒక్కటే. పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్ళి, కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజను కొసన ఉన్న పెద్ద నట్టుకి మనిషంత రాడ్డు తగిలించి బలంకొద్దీ లాగేవాడు. ఇంజను కదిలేది కాదు. ప్లగ్గులు తీసిన కంతల్లో ఇంకాస్త కిరసనాయిలు, ఇంకాస్త ఇంజనాయిలు పోసి, చేతులు తుడుచుకుని, లోపలికొచ్చి పడుకునేవాడు. మర్నాడు పొద్దున్న దాకా ఆ గది తలుపు తెరుచుకునేది కాదు.

జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మా వదిన తిరిగి రాలేదు. అన్నయ్యకి కొవ్వూరులో మోటార్లు రీవైండింగ్ చేసే షాపుంది. రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి, మూసిన షట్టరు ముందు కాసేపు నిలబడి, వేరేచోటికి తీసుకుపోయేవారు. కొందరు మా ఇంటికొచ్చి పరామర్శించి, వెళ్ళేముందు, "షాపెప్పుడు తీస్తారండీ?" అని అడిగేవారు. వాళ్ళని అనడానికేం లేదు. నాట్లు మా కోసం ఆగవు.

కారు సంగతి చెప్పాలి. అమెరికాలో అరవైల్లో తయారైన రెండు తలుపుల బండి. ముందుభాగం బారు, వెనక సీటు పేరుకి మాత్రమే, స్టీరింగు ఎడమవైపు. అక్కడ వీటిని మజిల్ కార్లు, అంటే కండల కార్లంటారట. ఎప్పుడో మిషన్ ఆసుపత్రికి వచ్చిన ఒక డాక్టరు దాన్ని ఓడమీద తెప్పించుకున్నాడని చెప్పుకునేవారు. దేవుడి పనికి అంత హార్స్ పవర్ ఎందుకో ఆయనకే తెలియాలి. ఆయన వెళ్ళిపోతూ ఒక రైసు మిల్లు ఆసామికి ఇచ్చేశాడు. ఆ ఆసామి కారుని ప్రాణంగా చూసుకుని, పాడవకూడదని ఊక గోదాములో కప్పెట్టించాడు. ఊకలో పెట్టిన ఐసు కరగదు కాబట్టి కారూ చెడదని ఆయన లెక్క. పైన రంగు నిజంగానే నిగనిగలాడింది. కింద మాత్రం ఊక చెమ్మ పీల్చి పీల్చి అడుగు రేకంతా తినేసింది. తలుపు తీసి కాలు పెడితే నేల మీదే పెడతాం.

అన్నయ్య దాన్ని కొని ఇంటికి తెచ్చిన రోజున మా వదిన చుట్టూ తిరిగి చూసి, "దీంట్లో కూర్చుని మనమే పరిగెత్తాలాండీ?" అంది. అయినా అన్నయ్యతో సమానంగా ఊక ఊడ్చింది. అడుగు రేకు కొత్తది వేయించారు, బ్రేకులు బాగుచేయించారు, చక్రాలకి టైర్లు దొరికాయి. ఏళ్ళ తరబడి తిరగక తుప్పుతో పట్టేసిన ఇంజను దగ్గరికొచ్చేసరికి ఆవిడ లేదు.

ఒకసారి తలుపు బయట నిలబడి, "అన్నయ్యా, ఆ ఇంజను కదలదేమోరా" అన్నాను. లోపల్నుంచి జవాబొచ్చింది. "దాన్ని లాగుతున్నంతసేపూ ఏం గుర్తు రాదురా."

నాకు వెంటనే ఏదో ఒక జోకు తోస్తుంది. ఆరోజు తోచలేదు.

అప్పట్నుంచి నా భయం రెండు ముక్కలైంది. ఇంజను కదిలిందంటే పొద్దున్నే మంచం దిగడానికి వాడికి కారణం ఉండదు. కదలకపోతే ఇంకెన్నాళ్ళు దిగుతాడో తెలియదు. అమ్మ అది కదలాలని ప్రార్థించేది. నేను ఇప్పుడే వద్దని ప్రార్థించేవాణ్ణి. ఒకే ఇంటి నుంచి రెండు రకాల అర్జీలు వెళ్ళేసరికి పైన ఏమనుకున్నారో గానీ రెండూ పెండింగులో పెట్టారు. ఈలోగా అమ్మ పెరట్లోని పురుగుమందు డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. ఎందుకమ్మా అంటే, "వాసనొస్తోంది" అంది. ఆ డబ్బాకి సీలు కూడా తియ్యలేదు.

పరిస్థితి అలా ఉండగా వదిన వాళ్ళ నాన్నగారు ట్రాక్టరేసుకుని వచ్చారు.

మావయ్యగారిది పక్క ఊరు. కూతురు పోయాక ఆయన మాకంటే తక్కువ ఏడ్చారు, ఎక్కువ వచ్చారు. ప్రతిసారీ కొబ్బరిబొండాలో కందగడ్డో తెచ్చి అరుగు మీద పెట్టి, మూసిన తలుపు వంక చూసి వెళ్ళిపోయేవారు. ఆరోజు బొండాల బదులు ఇనప గొలుసు తెచ్చారు. పొద్దున్నే రావడంతో అన్నయ్య షెడ్డులోనే దొరికాడు.

"ఎన్ని సిలిండర్లండి అల్లుడుగారూ?"

"ఎనిమిదండి."

"మా ట్రాక్టరుకి మూడే. పొలంలో దమ్ము దానితోనే, ఇసక తోలకం దానితోనే. మిగతా అయిదూ ఎందుకంట?"

మావయ్యగారు గొలుసు కిందపెట్టి కారు ముందు కొక్కెం కోసం వెతకసాగారు. మా వైపు ఏది కదలకపోయినా ట్రాక్టరు కడతారు. ఇసక లారీ దిగబడినా, కాలవలో గేదె ఇరుక్కున్నా, కొబ్బరిమొద్దు పెకలకపోయినా అంతే.

"గేరులో పెట్టి లాగితే చక్రాలు తిరుగుతాయి, చక్రాలు తిరిగితే ఇంజను తిరుగుతుంది. అంతేనా అండి?"

"వద్దండి మావయ్యగారూ. విరిగిపోద్దండి."

"ఏం కాదండి. మీరు స్టీరింగు పట్టుకోండి చాలు."

ఆయన మాట అన్నయ్య ఎప్పుడూ కాదనలేదు. కూతురినిచ్చిన మనిషి. ఆ కూతురు ఇప్పుడు లేదు కాబట్టి అసలే కాదనలేడు. వెళ్ళి కూర్చున్నాడు.

మొదట మా ఇంటి వెనక మట్టి పుంతదారిలో లాగారు. పట్టేసిన ఇంజను చక్రాల్ని తిరగనివ్వలేదు. కారు వెనక చక్రాలతో నేలని దున్నుకుంటూ పోయింది. వెనక్కి చూస్తే రెండు చాళ్ళు, విత్తనం వెయ్యడమే తరువాయి. ఆ మాట అందామని అన్నయ్య మొహం చూసి ఊరుకున్నాను. పుంత చివర సిమెంటు రోడ్డు. అక్కడ టైర్లకి పట్టు దొరికింది. ఒక్క క్షణం చక్రాలు తిరిగాయి, ఇంజను కూడా తిరిగింది. మావయ్యగారు వెనక్కి తిరిగి చెయ్యెత్తారు. అప్పుడే ఫెళ్ళుమని చప్పుడైంది.

దిగి చూస్తే ఇంజను పక్కన పిడికిలి పట్టేంత కంత. లోపలి కడ్డీ ఒకటి విరిగి ఇనుముని చీల్చుకుని బయటికొచ్చింది. నల్లటి నూనె సిమెంటు మీద పాకుతోంది.

"ముందే చెప్పాను కదండీ," అన్నాడు అన్నయ్య. అన్ని నెలల్లో వాడు గొంతు పెంచడం అదే మొదలు. "వద్దంటే వినరేంటండి? బుర్రుందా అండి మీకు? లాగితే వచ్చేదైతే మీ అమ్మాయిని లాక్కొచ్చేవాణ్ణి కాదా అండి? అంతమందిమి ఆసుపత్రిలో నిలబడి ఏం చేశామండి?"

అంత కోపంలోనూ అండి వదల్లేదు. మా జిల్లాలో మనిషిని చంపినా మర్యాదగానే చంపుతారు. మావయ్యగారు గొలుసు విప్పబోయి, మానేసి రోడ్డు మీదే కూలబడ్డారు. అన్నయ్య కారుకి ఆనుకుని నిలబడిపోయాడు. వెనక పాలవ్యానువాడు కాసేపు మర్యాదకి ఆగి, తర్వాత హారన్ కొట్టాడు. మా దుఃఖం రోడ్డుకి అడ్డంగా ఉంది మరి. నలుగురం కలిసి కారుని పక్కకి నెట్టాం. పాలవ్యానువాడే గట్టిగా నెట్టాడు.

మర్నాడు పొద్దున్న అన్నయ్య లేవలేదు.

ట్రాక్టరుతో లాక్కొచ్చి పెట్టిన కారు పక్కన, రాడ్డు షెడ్డు గోడకి ఆనించి ఉంది. లాగడానికి ఇప్పుడేమీ లేదు. నేను రాజమండ్రిలో ఫోన్లమ్మే షాపుకి సెలవు పెట్టి హాల్లో కూర్చున్నాను. అమ్మ తలుపు దగ్గర పీట వేసుకుని బీరకాయలు చెక్కు తీసింది. ఆ తర్వాత రోజులూ అంతే. కంచం లోపలికి వెళ్ళేది, చాలావరకు అలాగే బయటికొచ్చేది. మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడ్డం లేదు. ఒక రాత్రి తలుపుకి చెవి ఆనించి వాడి ఊపిరి వినబడుతోందా అని చూశాను. గురక వినబడింది. గురక విని అంత సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తర్వాత ఒకనాడు షెడ్డులోంచి చప్పుళ్ళు మొదలయ్యాయి. సర్రున జారడం, ఠంగున కొట్టుకోవడం. వెళ్ళి చూస్తే మావయ్యగారు. ట్రాక్టరు పానాలన్నీ కింద పరిచి, కారు ముందు గొంతుక్కూర్చుని బోల్టు విప్పుతున్నారు. ఆ బండివి అంగుళాల బోల్టులు, ఆయనవి మిల్లీమీటర్ల పానాలు. దగ్గర సైజుది పెడితే జారి, బోల్టు అంచులు అరిగి గుండ్రమైపోతుంది. ఇక దాన్ని విప్పడం మహా కష్టం.

"మావయ్యగారూ, అది ఆ పానా కాదేమోనండి."

"తెలుసు బాబూ," అన్నారాయన తలెత్తకుండా. "నువ్వెళ్ళి టీ తాగు."

మళ్ళీ జారింది. ఠంగుమంది. కావాలనే గట్టిగా కొట్టారు. అన్నయ్య గది కిటికీ షెడ్డు వైపే ఉంది. నేను టీ తాగడానికి వెళ్ళలేదు. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఆగిపోయింది. ఇంకో బోల్టు, ఇంకో ఠంగు. ఇనుముతో బతికిన మనిషికి ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, నాకే పళ్ళు జివ్వుమన్నాయి.

గడియ తీసిన చప్పుడు. అన్నయ్య లుంగీతో, పెరిగిన గెడ్డంతో షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు.

"ఆపండి."

మావయ్యగారు ఆపలేదు.

"అంచులు పోతున్నాయండి. ఆ పానా ఇటివ్వండి."

"నాకు వస్తాదండి."

"రాదండి. లేవండి మీరు. లేచి ఆ లైటు పట్టుకోండి."

ఆయన లేచి లైటు పట్టుకున్నారు.

"అటు కాదండి. కిందకి."

అన్నయ్య అంగుళాల పానాల పెట్టె తెచ్చి మధ్యాహ్నం దాకా పనిచేశాడు. అరిగిన బోల్టు ఒక్కటి ఊడింది. దాన్ని ఎవరికీ చూపించకుండా డబ్బాలో వేసి లోపలికెళ్ళి పడుకున్నాడు. మర్నాడు తలుపు తెరుచుకోలేదు. మావయ్యగారు వచ్చి, అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయారు. ఆ మర్నాడు నేను లేచేసరికి షెడ్డులో ఇద్దరూ ఉన్నారు. లైటు ఎటు పట్టుకోవాలన్న విషయం మీద పోట్లాడుకుంటున్నారు.

ఇంజను కిందికి దించాలంటే ఇంకా ఎన్ని విప్పాలో వంగి చూశాను. చాలానే ఉన్నాయి. మావయ్యగారు పాడుచేసినవాటికి ఇంకా ఎక్కువ రోజులు పడతాయి.