కొట్టి వెనక్కి పోయే సుత్తి

ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు సూరయ్య పనస దుంగ మీద అరచెయ్యి ఆనించి, "కొడతన్నాను తల్లీ, తప్పు కాయి" అనేవాడు. బొబ్బిలి దగ్గర వీణలు చెక్కే మా వీధిలో తాతల నాటినుంచీ వస్తున్న మాట అది. చెట్టుకు ఆ మాట చెప్పుకోనిదే ఎవరూ ఉలి పట్టరు.

మనుషుల్ని అలా అడిగే అలవాటు మాత్రం ఆయనకు లేదు. చిన్నప్పుడు తండ్రి కొయ్య చెక్కే బాడిస పిడితో వీపు చిట్లగొట్టి పని నేర్పాడు. పెద్దయ్యాక దుంగ పగలగొట్టాడని సొంత తమ్ముడి మోచెయ్యి విరిచాడు. భార్య జగ్గమ్మ కనుబొమ మీది మచ్చ ఆయన విసిరిన ఉలిది. ఆ చేతులతోనే వానలు పడకముందే పక్కింటి ముసలమ్మ పాకకు అడక్కుండా తాటాకు కప్పి వచ్చేవాడు. దేవుడు ఒకే చేతిలో రెండూ ఎలా పెడతాడో.

కూతురు ఝాన్సీకి మా వీధిలో ఎవరికీ లేని చెవి ఉంది. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ ముద్దలో వీణ మెట్లు నిలబెట్టే పని ఆమెదే. మెట్టు వెంట్రుకంత జరిగినా పట్టేసేది. వీణ బాగుచేయించుకోవడానికి విజయనగరం నుంచి వచ్చిన సంగీతం టీచరు లక్ష్మీకామేశ్వరి గారు ఝాన్సీ ఫోనులోకి పియానో సంగీతం కొంత ఎక్కించి వెళ్ళారు. తండ్రి ఇంట్లో లేనప్పుడు పని చేసుకుంటూ అదే వినేది.

మే నెల. ఎండకు మైనం మెత్తబడి మెట్లు జారాయని ఆ వారమే ఒక వీణ తిరిగొచ్చింది. తెచ్చినవాళ్ళు నలుగురిలో నవ్వి వెళ్ళారు. ఆ మధ్యాహ్నం సూరయ్య కోత మిల్లులో ఎవరితోనో కొట్టుకుని, చొక్కా చిరిగి, పెదవి పగిలి ఇంటికొచ్చాడు. లోపల ఫోనులోంచి స్వరాలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతూ వినిపించాయి. మైనం కరిగిన తమ వీణనే ఎవరో ఎగతాళికి రికార్డు చేసి పంపారనుకున్నాడు. కూతురు అది వింటూ తనలో తాను నవ్వుకుంటోంది.

"నా పని సూసి నవ్వుతావేటే" అని చేతికందిన కొయ్యసుత్తి విసిరాడు.

అది కుడి చెవి మీద తగిలింది. పడుతూ పడుతూ ఝాన్సీ మైనం గిన్నె పట్టుకుంది. కాగిన మైనం ముంజేతి మీద ఒలికింది. చెవిలోంచి నెత్తురు మెడ మీదుగా కారి, ఒళ్ళోని వీణ మీద పడింది. మా వీధిలో ఆటో నడిపే త్రినాథ్ తన తువ్వాలు ఆమె తల కింద పెట్టి, గతుకు గతుకుకీ వెనక్కి తిరిగి చూసుకుంటూ ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. ఆ చెవి ఇక వినపడదన్నారు డాక్టర్లు.

జగ్గమ్మ ఇంటికొచ్చి అదే సుత్తి తీసింది. "సెయ్యి పెట్టు" అంది. సూరయ్య దుంగ మీద చెయ్యి పెట్టాడు. మూడు దెబ్బలు కొట్టింది. రెండో దెబ్బకే ఎముక విరిగిన చప్పుడు మా అరుగు దాకా వినిపించింది. ఆయన చెయ్యి తీయలేదు. తర్వాత ఆమే ఏడుస్తూ పసుపు పెట్టి కట్టు కట్టింది.

రెండు నెలలపాటు ఝాన్సీ మెట్ల జోలికి పోలేదు. ఒంటి చెవితో కట్టి వీణను చెడగొట్టలేనంది. టీచరుగారు చూడటానికి వచ్చి, ఆమె ఎడమ పక్కన కూర్చుని మళ్ళీ ఆ సంగీతమే పెట్టారు. గుమ్మం బయటినుంచి సూరయ్య విన్నాడు. వేగవతి ఏటి నీళ్ళ మీద పొద్దుటి ఎండ చెదిరినట్టుంది. అది తమ వీణ కాదనీ, స్వరాలు అలా కలిసిపోవాలనే, కావాలనే వాయించారనీ అప్పుడు తెలిసింది.

ఇదేటని అడిగాడు. నూరేళ్ళకు ముందే ఫ్రాన్సులో పుట్టిన బాణీ అనీ, ఇంప్రెషనిజం అంటారనీ, నీళ్ళ మీద పడే వెలుగును వినిపించాలని చూస్తారనీ ఆవిడ చెప్పారు. పియానో లోపల తీగల్ని కొట్టేవి కొయ్యసుత్తులేనని కూడా చెప్పారు.

సూరయ్య వంకరపోయిన తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "సుత్తి దెబ్బకి ఇలగ మోగుతాదా అమ్మా?"

"దాని మూతికి ఉన్ని చుట్టి ఉంటుంది సూరయ్యా. కొట్టగానే వెనక్కి వెళ్ళిపోతుంది. అక్కడే ఆగితే తీగ మోగదు."

మర్నాడు ఉదయం ఆయన దుంగ దగ్గరికి వెళ్ళలేదు. మెట్లు కట్టని వీణ ఒకటి ఎత్తుకొచ్చి ఝాన్సీ ముందు దించి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"నా సెక్కుడు పని రోడ్డవతలకి ఎత్తేస్తన్నాను. నీకున్న సెవి దగ్గిరికి సుత్తి సప్పుడు రానీను. సుతి తప్పితే తప్పనీ, ఈ ఒక్కదానికి మెట్లు కట్టి పెట్టు తల్లీ."