మొదటి కాల్పుల్లో పడిపోయేవాడు

తుపాకుల్లో మందే ఉంటుంది గాని గుండు ఉండదు. కాబట్టి ఎవరు చావాలో ముందే అనుకోవాలి. వర్జీనియాలో ఏటా అక్టోబరులో ఒక శని, ఆదివారాలు రెండు వందల ఏళ్ల కిందటి కోట ముట్టడిని ఆడి చూపే దండు ఒకటి ఉండేది. చావుకి వాళ్ల పద్ధతి వాళ్లకుంది. కెప్టెన్ హ్యారీ టోపీలో పన్నెండు నెలల చీటీలు వేసి నెల ముందే తీస్తాడు. ఏ నెల వస్తే ఆ నెలలో పుట్టినవాళ్లు మొదటి కాల్పులకే నేలకొరగాలి. ఈ ఏర్పాటు లేకపోతే ఎవడూ చావడు. ఐదు గంటలు కారు నడుపుకొచ్చినవాడు ఐదో నిమిషంలో గడ్డిలో పడుకుంటాడా?

1984లో వచ్చింది జూలై చీటీ. దండులో రత్నరాజుది ఆ నెలే. అతను ఏమీ అనుకోలేదు. చీటీ ఏదైనా, చచ్చేవాళ్లు తక్కువైతే ఆరేళ్లుగా అతనే పడేవాడు. నీకది బాగా వచ్చు అనేవారు తోటివాళ్లు. షాంటిలీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం అతనిది. ముట్టడి కందకాలు ఎలా వంకర తిరగాలో కాగితం మీద గీసిచ్చేదీ అతనే. భార్య జ్ఞానమ్మ పోయి ఏడేళ్లు. ఇంట్లో ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలయ్యే చప్పుడే మనిషి అలికిడి. ఇక్కడి గుడారాల్లో పొద్దున్నే మంచు విడకముందే హాజరు పిలుస్తారు. తన పేరు ఒకరు పిలవడం, తాను పలకడం. దానికోసమే వచ్చేవాడు.

ఆ ఏడు మాత్రం చెల్లెలి కూతురు లూసీ చూడటానికి వస్తానంది. ఆ అమ్మాయి చదువుకోడానికి ఫిలడెల్ఫియా వచ్చి ఏడాదైంది.

"అందరికీ అదే నీలం కోటు అంటున్నారు. మిమ్మల్నెలా గుర్తుపట్టను మామయ్యా?" అంది ఫోన్‌లో.

"ఎడమ చివర చూడు. మొదటి ఫైరింగ్‌కి పడిపోయేది నేనే."

"నాలుగు గంటలు డ్రైవ్ చేసొచ్చి పడుకున్న మామయ్యని చూడాలా? అదేదో మీ సోఫాలోనే చూస్తాగా."

ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట అతన్ని వదల్లేదు. మైదానానికి అడ్డంగా కట్టిన తాడు అవతల ఎవరెవరి పెళ్లాలో, పిల్లలో చేతులు ఊపుతుంటారు. ఆరేళ్లలో ఆ ఊపే చేతుల్లో ఒక్కటీ తనకోసం కాదు. ఈసారి తన మనిషి ఒకరు తాడు దగ్గర ఉంటారు. ఆ కళ్లముందు తాను కోటగోడ ఎక్కి, నిటారుగా నిలబడాలి.

శనివారం పొద్దున, లూసీ అక్కడ కారులో బయల్దేరే వేళకి, హ్యారీ దగ్గరికి వెళ్లాడు.

"నేను జూలైలో పుట్టలేదు కెప్టెన్. బళ్లో వేసినప్పుడు మేష్టారు జూలై ఒకటని రాసేశారు. అసలు పుట్టింది డిసెంబర్లో, క్రిస్మస్ వెళ్లిన మూడో నాడు."

హ్యారీ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "మనిషికి రెండు పుట్టినరోజులేమిటి?"

"మా వైపు చాలామందికి అంతే."

"అయితే రెండుసార్లు చావు" అన్నాడు హ్యారీ. ఎదుటి ముఖంలో నవ్వు కనపడకపోయేసరికి గొంతు తగ్గించాడు. "నిన్ను నేను కాదననులే. కానీ ఎడమ చివర ఎవడో ఒకడు పడాలిగా."

పక్కనే బూట్లు కట్టుకుంటున్న ప్లంబరు స్టూ తలెత్తాడు. "నేను పడతాను. ఈ మోకాలు ఎలాగూ గోడెక్కనివ్వదు."

రెండు గంటలకి డప్పులు మోగాయి. మొదటి కాల్పులకి స్టూ బోర్లా పడి, ఎండ తగలకుండా టోపీ తలమీదికి లాక్కున్నాడు. రత్నరాజు అతన్ని దాటి కందకంలోకి, కందకంలోంచి నిచ్చెన మీదికి, మట్టి రాలుతుంటే గోడ మీదికి వెళ్లాడు. పొగ పాలమీగడలా మడతలు పడుతూ పక్కకి తొలిగింది. దూరాన తాడు. తాడు అవతల రంగురంగుల మనుషులు, చెట్టు కింద రాలిన పూలలాగా. ఏ రంగు లూసీదో తెలియలేదు. టోపీ తీసి ఊపాడు. అవతల చేతులెన్నో లేచాయి. వాటిలో ఒకటి ఆమెదే అనుకున్నాడు. కోటలో తెల్లజెండా లేచేదాకా అలాగే నిలబడ్డాడు, మెడ నరాలు నొప్పెట్టేదాకా.

అంతా అయ్యాక లూసీ గుడారాలు వెతుక్కుంటూ వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నలభై నిమిషాలు మామయ్యా. చీమ కుట్టినా కదలరా మీరు?"

అతనికి వెంటనే అర్థం కాలేదు.

"మీకు సరిగ్గా ఎదురుగా, తాడుని ఆనుకుని కూర్చున్నాను. గోడమీద ఎవరో గోల చేస్తున్నారు గాని అటు చూడబుద్ధి కాలేదు. మీరేమో బోర్లా పడి, ఆ టోపీ కింద... ఒక్క క్షణం నిజమేననిపించి ప్రార్థన చేసేశాను. నవ్వకండి."

"నవ్వడం లేదమ్మా" అన్నాడు.

చెప్పొచ్చు. చెబితే ఆ నలభై నిమిషాలు ఎవరివీ కాకుండా పోతాయి. నాలుగు గంటల దారి ముందుంది పిల్లకి. కారు దాకా వెళ్లి సాగనంపాడు. మట్టి రోడ్డు మీద లేచిన దుమ్ము నేలకి దిగేదాకా నిలబడి వెనక్కి వచ్చాడు.

స్టూ జుట్టులోంచి గడ్డిపరకలు ఏరుకుంటున్నాడు. "మీ అమ్మాయి ఏదో చాలాసేపు చెప్పింది. ఏమంటుంది?"

"నువ్వు చాలా బాగా చచ్చావంది" అన్నాడు రత్నరాజు.

ఆ మాటకి స్టూ నిజంగానే పొంగిపోయాడు.