మేరీ టీచర్ ఎడమ కన్ను

నేను రిటైరవడానికి ఏడాది ముందు, ఏప్రిల్‌లో, ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ ఫోటోగ్రాఫర్‌గా ఉన్న నాకు పినపాక వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో డ్యూటీ పడింది. ఆ బడిలోనే జుట్టు నెరిసిన మేరీ టీచర్ పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె ఫోటో పటం కట్టి వరండాలో పెడతారట. భద్రాచలం నుంచి నా జూనియర్ ప్రసాద్ కూడా వచ్చాడు. పనిలో పనిగా రెండు లెన్సులు పరీక్షించి, ఆఫీసుకు ఏది కొనాలో తేల్చమని మా అధికారి చెప్పి పంపారు.

రెండూ మనుషుల ముఖాలకు వాడే ఎనభై ఐదు ఎంఎం లెన్సులే. ప్రసాద్ మోజుపడింది 1.4, నాకు నచ్చింది 1.8. ఈ నంబరు తగ్గేకొద్దీ లెన్స్ వెడల్పుగా తెరుచుకుంటుంది. వెలుతురు ఎక్కువ వస్తుంది గానీ, ఫోకస్ అందే మేర బియ్యపు గింజంతే. దగ్గరి కన్ను స్పష్టంగా ఉంటే అవతలి కన్ను మసకే.

టీచర్‌ని కిటికీ పక్కన ఓరగా కూర్చోబెట్టి, ట్రైపాడ్ బిగించి, వృత్తి నియమం ప్రకారం కెమెరాకు దగ్గరగా ఉన్న ఎడమ కంటికి ఫోకస్ పెట్టాం. రెండు లెన్సులనూ 1.8 దగ్గరే ఉంచి తీశాం. లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూస్తే నా లెన్స్‌లో రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. ప్రసాద్ లెన్స్‌లో వెన్న రాసినట్టున్నాయి.

"చూసినవా తమ్మీ," అన్నాను.

ట్రైపాడ్ కదిలిందన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

టీచర్ మా వెనక నుంచి తొంగి చూశారు. "ఏంది సార్, కనవడే కన్ను ఇడిచిపెట్టి కనవడని కన్ను మీద కొట్లాడుతున్నరు?"

చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుని ఆ ఎడమ కన్ను పోయిందట. మామూలుగా చూస్తే తెలియదు. నాకు తల కొట్టేసినట్టయింది. కాస్త అటు తిరిగితే ఆ కన్ను మసకలో కలిసిపోతుందని సర్దిచెప్పబోయాను.

"దాయకుండ్రి సార్. టీచర్‌కు కనవడమని పిల్లగాళ్లు నా ఎడమ దిక్కుకే ఉరికి కూసుంటరు. రేపు పటంల గా కన్ను మసకగుంటే, గీమె మా టీచర్ గాదంటరు."

ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, నంబరు ఎనిమిదికి పెంచి, రెండు కళ్లూ స్పష్టంగా వచ్చేలా రెండు లెన్సులతోనూ తీశాం. ఆ ఫోటోల్లో ఏది ఎవరి లెన్సో నేనూ చెప్పలేకపోయాను, ప్రసాదూ చెప్పలేకపోయాడు. ఒక దాన్ని టీచరే ఎంచుకున్నారు. పటం పెట్టిన రోజు పిల్లలందరూ ఆ కంటి వైపే గుమిగూడారని తర్వాత ఫోన్‌లో చెప్పారు.

తన ముఖంలో ఏది స్పష్టంగా కనబడాలో మొదట ఆ మనిషిని అడగాలి. ఏ లెన్స్ షార్ప్ అన్న ప్రశ్న ఆ తర్వాతది.