వీధి కుర్చీ

మా మేనత్తకి రెండంటే ప్రాణం. ఒకటి బాగా ఏకిన దూది, రెండోది పెద్దింట్లో తను కూర్చునే చెక్క కుర్చీ. దూది సంగతి నేను అర్థం చేసుకోగలను. మాది పరుపుల కొట్టు, మాకు అన్నం పెట్టేది అదే. కుర్చీ సంగతే నాకు చాలాకాలం మింగుడుపడలేదు. దానికి చేతులు లేవు, వెన్ను నిటారుగా ఉంటుంది, కాసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఊరందరికీ మెత్తటి పరుపులు కుట్టిచ్చే మనిషి ఆ చెక్క మీద కూర్చోవడానికి తహతహలాడిపోతుంటే నాకు నవ్వొచ్చేది.

పెద్దిల్లు మా వీధి చివర ఉంది. ముత్తాతల కాలంలో ఒక బట్టల వర్తకుడి భార్య, భర్త పోయి, పిల్లల్లేక, ఉన్న ఇంటికి చుట్టూ గదులు కట్టించి నిలవనీడ లేని ముసలివాళ్ల కోసం రాసిచ్చేసింది. దాన్ని నడపడానికి ఏడుగురు ధర్మకర్తలు ఉండాలంది. ఆరుగురు ఊళ్లో పెద్దమనుషులు కావచ్చు. ఏడో మనిషి మాత్రం ఆ వీధిలోనే ఉంటూ, చేతిపని చేసుకు బతికేవాళ్లయి ఉండాలి. పెద్దమనుషులు సమావేశం ముగించుకుని ఇళ్లకు పోయాక కూడా ఆ గుమ్మం ముందు తిరిగే మనిషి ఒకరుండాలని ఆవిడ అనుకుని ఉంటుంది. ఆ ఏడో కుర్చీకి వీధి కుర్చీ అని పేరు. చెప్పులు కుట్టే తాత పోయాక వీధంతా కలిసి మా అత్తని అందులో కూర్చోబెట్టింది.

అప్పట్నుంచీ సమావేశం ఉన్న రోజు మా కొట్లో పని సాగితే ఒట్టు. పొద్దున్నే తలంటు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బట్టలు, జుట్టులో చిక్కుకున్న దూది పోగులు ఏరమని నన్ను సతాయించడం. "ఏమిటత్తా ఈ హడావిడి, పెళ్లిచూపులా?" అంటే, "నోర్ముయ్యవే, పెద్దింటి పని" అనేది. మామయ్య ఉన్న రోజుల్లో ఆయనా గుమ్మం దాకా వచ్చి, "ధర్మకర్తగారూ, మధ్యాహ్నం నాకు అన్నం ఎవరు పెడతారు?" అని ఏడిపించేవాడు. అత్త వినపడనట్టు నడిచిపోయేది.

పెద్దింట్లో ఒక పద్ధతి ఉంది. గది ఖాళీ అయితే, కొత్తవాళ్లకి ఇచ్చేముందు ధర్మకర్తల్లో ఒకరు అందులో ఒక పగలంతా ఉండాలి. అక్కడి మంచం మీదే నడుం వాల్చాలి, అక్కడి భోజనమే తినాలి, అక్కడి కిటికీలోంచే బయటికి చూడాలి. తర్వాత సమావేశంలో లేచి నిలబడి ఆ గది మనిషి ఉండటానికి పనికొస్తుందో లేదో చెప్పాలి. లోపలివాళ్లు దీన్ని ఒకరోజు కాపురం అంటారు. ఏడుగురికీ వంతులుంటాయి, తప్పించుకోవడానికి లేదు. డాక్టరుగారి వంతు వచ్చినప్పుడు లేస్తూ లేస్తూ అల్మరా తలుపుకి నుదురు కొట్టుకున్నాడు, ఆ తలుపుని మర్నాడే ఊడదీయించేశారు. లాయరుగారైతే భోజనం చేసి పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. గది దివ్యంగా ఉందని ఆయన చెబుతుంటే, పక్క గది ముసలమ్మ వసారాలోంచి, "ఆయన గురకకి గోడలదిరాయి నాయనా, ముందు గోడ సంగతి చూడండి" అని అరిచింది. అన్నట్టు, సమావేశం జరుగుతున్నంతసేపూ హాలు తలుపు తీసే ఉంచాలి, వసారాలో కూర్చుని ఎవరైనా వినొచ్చు. అది కూడా ఆ మహాతల్లి పెట్టిన నియమమే.

ఇక మా అత్త వదినగారి సంగతి. మామయ్యకి అక్క, నాకు పెద్దమ్మ వరస. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు. అత్త కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అత్త కుట్టిన పరుపు చూసి పెద్దమ్మ, "కుట్లు వంకర" అనేది. పెద్దమ్మ పెట్టిన టీ తాగి అత్త, "వేడినీళ్లు బాగున్నాయి వదినగారూ" అనేది. మామూలుగా వదినా అని పిలిచే మనిషి, కోపం వస్తే గారు తగిలించేది. ఒకరినొకరు దూది ఏకినట్టు ఏకేసుకునేవాళ్లు. కానీ ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్లు మంచం పక్కనుంచి కదిలేవాళ్లు కాదు, అక్కడ కూర్చునే తిట్టుకునేవాళ్లు.

మామయ్య పోయాడు. తర్వాత పెద్దమ్మ భర్తా పోయాడు. పిల్లల్లేరు. ఆవిడ అద్దెకున్న గది ఇంటివాళ్లు ఆ ఇల్లు పడగొట్టి కట్టుకుంటామన్నారు. అత్త నేరుగా వెళ్లి, "వచ్చి మా ఇంట్లో ఉండు" అంది. పెద్దమ్మ వచ్చి రెండ్రోజులుంది. మా ఇల్లంటే కింద కొట్టు, పైన రెండు గదులు, మధ్యలో నిచ్చెనలాంటి మెట్లు. ఆవిడ ఎడమ మోకాలు వంగదు. అదైనా సర్దుకునేదేమో గానీ, ఆవిడకి ఆయాసం. గాల్లో తేలే దూది నుసికి ఊపిరాడక మూడో రోజు పొద్దున్నే ముఖం నీలంగా అయిపోయింది. దూది మానేస్తే మేం తినేదేమిటి? దూది ఉంటే ఆవిడ బతికేదెలా?

సరిగ్గా అప్పుడే పెద్దింట్లో గేటు పక్క గది ఖాళీ అయింది. కోరుకున్నవాళ్ల వరసలో పెద్దమ్మ పేరే ముందుంది. కానీ హాలు గోడమీద రాతిలో చెక్కిన నియమం ఒకటుంది: ధర్మకర్తల బంధువులకి ఆ ఇంట్లో చోటు లేదు. అంటే, అత్త కుర్చీలో ఉన్నంతకాలం పెద్దమ్మకి గది రాదు. కుర్చీ వదిలేస్తే వస్తుంది.

అత్త వదిలేస్తానంది. కళ్లల్లో నీళ్లు పెట్టుకునే అంది, కానీ అంది. పెద్దమ్మ ఒప్పుకుంటేగా! "నా కోసం ఆ కుర్చీ వదిలావో, నేను ఆ గుమ్మం తొక్కను. తమ్ముడి మీద ఒట్టు" అంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మా పెద్దమ్మ ముందు ఇద్దరూ దిగదుడుపే. నాకు ఒళ్లు మండిపోయింది. "మీ ఇద్దరి పట్టుదలలూ నాశనంగానూ, ఎవరో ఒకరు తగ్గండి" అని అరిచాను. ఇద్దరూ నా మీద పడ్డారు. నన్ను తిట్టేటప్పుడు మాత్రం వాళ్లకి ఎక్కడలేని ఐకమత్యం.

ఈ సంగతి ధర్మకర్తలకి తెలియక కాదు. లాయరుగారు ఒకరోజు కొట్టుకి దిండు కొనే మిషతో వచ్చాడు. దిండు నొక్కుతూ, నా వైపు చూడకుండా, అత్త వైపూ చూడకుండా చెప్పాడు.

"అమ్మా, ఆవిడ మీ ఆయన అక్క. మీ ఆయనే లేరు. ఇక బంధుత్వం ఎక్కడిది చెప్పండి? ఎవరూ అడగరు. మీరూ చెప్పకండి. మీరు లేకపోతే ఆ హాల్లో మేమంతా ఒకళ్ల మాటలు ఒకళ్లం వింటూ కునుకు తీస్తాం."

అత్త వింటూనే దిండు కట్టిచ్చింది. మంచివాళ్లంతా చేరి చేసే అబద్ధం ఎంత మెత్తగా ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఆ మాట నచ్చింది, పెద్దమ్మకైతే మరీనూ.

ఆ గదిలో ఒకరోజు కాపురం వంతు అత్తదే వచ్చింది. పొద్దున్న వెళ్లి చీకటి పడ్డాక తిరిగొచ్చింది. ఎలా ఉందత్తా అంటే, "ఉంది" అని పడుకుంది.

సమావేశం రోజు పెద్దమ్మని నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. హాల్లో ఏడుగురూ అర్ధచంద్రంలా కూర్చున్నారు. మధ్యలో పెద్ద పంతులమ్మగారు. బడిలో పనిచేసి రిటైరైన ఆవిడే అందరికీ అధ్యక్షురాలు. చివరన తలుపు దగ్గర వీధి కుర్చీలో మా అత్త. కొత్తగా వచ్చేవాళ్లని అడగాల్సిన ప్రశ్నలు పంతులమ్మగారు మెల్లగా అడిగింది. పేరు, వయసు, జబ్బులు. చివరికి అడిగింది.

"ఇక్కడున్న మాలో మీకు బంధువులెవరైనా ఉన్నారా అమ్మా?"

పెద్దమ్మ ఏడుగురినీ ఒక్కొక్కరినే చూసింది. అత్త దగ్గరికొచ్చేసరికి కళ్లు ఆగలేదు, తలుపునో గోడనో దాటినట్టు దాటిపోయాయి.

"లేరండీ. నాకెవరూ లేరు" అంది.

లాయరుగారు తల ఊపాడు. డాక్టరుగారు దగ్గాడు. పంతులమ్మగారు సరేనంది. నేను పెద్దమ్మని బయటికి తీసుకొచ్చి వసారా బెంచీ మీద కూర్చోబెట్టాను. "గట్టిగా చెప్పానా? తడబడలేదు కదా?" అని అడిగింది. బాగా చెప్పావన్నాను. లోపల అత్త ముఖం నాకు తెరిచిన తలుపులోంచి కనిపిస్తోంది. ఎవరో చెంప మీద కొట్టినట్టు ఎర్రబడి ఉంది.

గది సంగతి చెప్పమన్నారు. అత్త లేచింది.

"గది బాగుంది. కానీ మంచం ఎత్తు పెంచాలి. ఆవిడకి ఎడమ మోకాలు వంగదు, కింద నుంచి లేవలేదు. గోడవైపు తల పెట్టి పడుకుంటే ఊపిరాడదు, మంచం కిటికీ కిందికి జరపాలి. దూది పరుపు పనికిరాదు, కొబ్బరిపీచుది వెయ్యండి. టీ ఆవిడనే పెట్టుకోనివ్వండి, వేరేవాళ్లు పెడితే వంకలు పెడుతుంది. ఒక్కర్తే ఉంటే తిండి మానేస్తుంది, ఎవరైనా ఎదురుగా కూర్చుని దెబ్బలాడాలి. దెబ్బలాడితే రెండు ముద్దలు ఎక్కువ తింటుంది."

పంతులమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "సరేనమ్మా, అవన్నీ చూస్తాం. ఇక కూర్చోండి" అంది. కూర్చోమని బతిమాలినట్టే ఉంది ఆ గొంతు. అత్త కూర్చోలేదు.

"ఆవిడ మా వదినండీ" అంది. "మా ఆయన అక్క. ఆయన పోయినా ఆవిడ నాకు వదినే. ఇందాక ఎవరూ లేరంది కదా, అది అబద్ధం. నేనున్నాను."

నా పక్కనుంచి పెద్దమ్మ కర్ర నేలకేసి కొట్టి లోపలికి అరిచింది. "కాదండీ! ఆవిడెవరో నాకు తెలీదు! ఆ పరుపులామెకి మతి లేదు!"

"వదినగారూ, నోర్ముయ్యండి!" అని అత్త తిరిగి అరిచింది.

వసారా అంతా గొల్లుమంది. లోపల డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగిపోయాడు. అంత మర్యాదగా నోర్ముయ్యమన్న మాట ఆ హాలు ఎన్నడూ విని ఉండదు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

అత్త కుర్చీ వెన్ను మీద ఒక్కసారి చెయ్యి వేసి, తుడిచినట్టు నిమిరి, హాల్లోంచి బయటికొచ్చి మా బెంచీ మీద పెద్దమ్మ పక్కన కూర్చుంది. పెద్దమ్మ ముఖం అటు తిప్పుకుంది. లోపల్నుంచి పంతులమ్మగారి గొంతు వినిపించింది.

"వీధి కుర్చీ ఖాళీ అయింది. కాబట్టి ధర్మకర్తల్లో ఆవిడకి ఇప్పుడు బంధువులెవరూ లేరు. గది ఇవ్వడానికి ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. లాయరుగారు మాత్రం, "ఆ కొబ్బరిపీచు పరుపు సంగతి మరిచిపోకండి" అన్నాడు.

"తమ్ముడి మీద ఒట్టు పెట్టానుగా, ఇప్పుడెలా వస్తాను?" అంది పెద్దమ్మ, ఇంకా అటే చూస్తూ.

"మీ తమ్ముడికి నేను చెప్పుకుంటాలే. బతికున్నన్నాళ్లూ నా మాటే విన్నాడు, ఇప్పుడు వినడా?" అంది అత్త. పెద్దమ్మకి నవ్వొచ్చింది, దాంతో పాటే దగ్గూ వచ్చింది, అత్త వీపు రాసింది. ఒట్టు సంగతి అక్కడితో సరి.

వీధి కుర్చీలో ఇప్పుడు తాళాలు బాగుచేసే ఆయన కూర్చుంటున్నాడు. మంచివాడే. అత్త కొన్నాళ్లు సమావేశం రోజున దిగాలుగా తిరిగింది, అబద్ధమెందుకు? గంజి పెట్టిన బట్టలు పెట్టెలోంచి తీసి మళ్లీ పెట్టేసేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఇప్పుడా దిగులు చాలామటుకు పోయింది. కొట్టు కట్టేసి, ఒంటిమీది నుసి పోయేలా స్నానం చేసి, రోజూ సాయంత్రం పెద్దింటికి వెళుతుంది. కిటికీ కింద కూర్చుని ఇద్దరూ పోట్లాడుకుంటారు. పెద్దమ్మ ఒళ్లు కూడా చేసింది.

గేటు దగ్గర కాపలా తాతకి ఒక డ్యూటీ ఉంది. లోపలికి వెళ్లే బయటివాళ్లని, ఎవరి కోసం వచ్చారు, వాళ్లకి ఏమవుతారు అని అడగాలి. ఇన్నేళ్లూ అత్తకి దణ్ణం పెట్టి గేటు తీసిన మనిషి కదా, మొదట్లో అడగడానికి మొహమాటపడి నేల చూపులు చూసేవాడు. అత్తే ఆయన ముందు ఆగి, "అడగవేం? నీ పని నువ్వు చెయ్యి" అని గదమాయించింది. ఇప్పుడాయన రోజూ అడుగుతాడు. పక్కనే గది, కిటికీ తీసే ఉంటుంది. అత్త కిటికీ వైపు తిరిగి, వీధంతా వినపడేలా, "మా వదిన కోసం. నేను ఆవిడ మరదల్ని" అని చెప్పి లోపలికి వెళుతుంది.