ఎర్ర పీలిక కట్టిన కవర్లు

వాడేసిన డైపరుని ముందు నుంచి వెనక్కి చుట్టాలి. తడి లోపలికి పోయేలా బిగించి, దాని అంటు పట్టీలతోనే అతికించి, పాత పేపర్లో పెట్టి, నల్ల కవర్లో వేసి, గాలి తీసేసి మూతి ముడెయ్యాలి. గాలి తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. ఈ చివరి సంగతి నాకెవరూ చెప్పలేదు, ముక్కే నేర్పింది. చోడవరంలో ఈ వృద్ధాశ్రమంలో ఆయాగా చేరిన దగ్గర్నుంచీ నా పొద్దు ఈ ముడులతోనే మొదలవుతోంది. రావికమతం వైపు నుంచి షేర్ ఆటోలో ఒదిగి కూర్చుని వస్తాను. దిగేసరికే నడుం పట్టేస్తుంది. ఇంక అక్కణ్నుంచి పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, చుట్టడం, కట్టడం. గ్లౌజులు వేసుకున్నా, సబ్బుతో ఎంత తోమినా, అన్నం ముద్ద నోటి దాకా తెచ్చేసరికి ఆ వాసనే. అందుకని చెంచాతో తినడం అలవాటు చేసుకున్నాను. దొరసాని వచ్చిందని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ.

పని కన్నా నన్ను తినేసింది ఆ కవర్లు ఎక్కడ పారెయ్యాలన్న గొడవ. కాలిస్తే కాలవు. పైన ప్లాస్టిక్ కమురుకంపు కొట్టి, లోపల తడి తడిగానే ఉండిపోతుంది. పెరట్లో గొయ్యి తీసి పూడిస్తే కుక్కలు తవ్వేవి. మిగిలింది చెత్త బండి. ఆ బండి తోలే అతనికీ నాకూ గేటు దగ్గర రోజూ యుద్ధమే.

"ఇది తడి సెత్తా, పొడి సెత్తా? ఏ డబ్బాలో ఎయ్మంటావ్?" అనేవాడు.

"నీకు నచ్చిన దాన్లో ఏసుకో బాబూ. నాను మాత్రం మల్లీ లోపలికి అట్టుకెల్లను," అనేదాన్ని.

ఒకరోజు గేటు పక్కన పెట్టిన కవరుని కుక్క ఈడ్చుకుపోయి, ఎదురింటి గుమ్మంలో చింపి పోసింది. అప్పుడే ముగ్గు వేసి లేచిన ఎదురింటావిడ నోరు విప్పింది. ఇంకేముంది, వీధి వీధంతా మా గేటు ముందే. ఆ పూట బండతను అసలు చెయ్యే పెట్టనన్నాడు. ఆశ్రమం నడిపే మేడమ్ లోపలికొచ్చి తల పట్టుకుని కూర్చుంది. "ఇలాగైతే డైపర్లు వేసుకునేవాళ్ళని ఉంచుకోలేం. ఎవరిళ్ళకి వాళ్ళని పంపేయాల్సిందే," అంది. విసుగులో అన్న మాట అది. నేను దాన్ని అక్కడే వదిలేసి బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాను. కిటికీ పక్క మంచం మీద మామ్మ మాత్రం వదల్లేదు.

మామ్మది వడ్డాది దగ్గర పల్లె. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ చెరకు కొట్టి మోపులు కట్టిన మనిషి. పిల్లల్లేరు. ఉన్నదల్లా విశాఖలో కంపెనీ పని చేసుకునే మేనల్లుడు. ఒక్క గదిలో పెళ్ళాం పిల్లలతో ఉంటాడు. మామ్మ కర్ర పట్టుకుని నడుస్తుంది గానీ మూత్రం ఆగదు. ఇక్కడికి రాకముందు అతని దగ్గరుండగా, పక్క తడిసిన పొద్దున ఆ గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదట. "తిట్టినా బాగుండీదే," అని నాతో చాలాసార్లు అంది. మళ్ళీ ఆ గదికి పంపుతారన్న మాట ఎత్తితేనే ఆవిడ మొహం వాడిపోతుంది.

ఆ గొడవ తర్వాత మామ్మ మంచం దగ్గర కవర్లు తగ్గాయి. నయమవుతోంది కాబోలని సంతోషపడ్డాను కూడా. ఇంతలో బాత్రూం తూము పూడిపోయింది. చెయ్యి పెట్టి లాగితే ఉడికిన సగ్గుబియ్యం లాంటి జిగురు, గుప్పెళ్ళ కొద్దీ వచ్చింది. ఇదేం ఖర్మరా అనుకుంటూ చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. దండెం మీద మామ్మ చీర ఆరేసి ఉంది. గాలికి అది పక్కకి తొలిగితే కింద డైపర్లు! ఉతికి, పిండి, క్లిప్పులు పెట్టి మరీ ఆరేసింది. వాటి కడుపులోని జిగురంతా తూములోకి పోయి, ఉత్త తొక్కలు వేలాడుతున్నాయి.

"ఓలమ్మా! ఏటి మామ్మా ఈ పని?" అని అరిచాను. "ఇయ్యి ఉతుకుతారేటి ఎవులైనా? ఒకసారి ఏసి పారేసీవి! తూము పూడిపోనాది, నా నడుం ఇరిగిపోనాది!"

మామ్మ దండెం పక్కనే అరుగు మీద కూర్చుని కొంగు పిండుకుంటోంది. "గుడ్డే కదేటి, ఉతికితే మల్లీ పనికొత్తాదనుకున్నాను. సెత్త నేకపోతే బండోడితో గొడవుండదు. గొడవ నేకపోతే నన్ను పంపరు కదేటే," అంది.

ఆవిడ పక్కనే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఆ మేనల్లుడి మీద, మేడమ్ మీద, బండి మీద, నా నడుం మీద ఒక్కసారే కోపమూ వచ్చింది.

మర్నాడు గొడవ పెట్టుకోవడానికే గేటు దగ్గర నిలబడ్డాను. బండతను కూడా అలిసిపోయే ఉన్నాడు. "సూడప్పా, తీస్కెల్లనని నాకేటి సరదా? కవర్లన్నీ ఇప్పి ఏరాల మేం. తెలీక అందులో సెయ్యెట్టేస్తన్నాం. కవరు మీద ఏదో గుర్తు కనిపిత్తే ఇప్పకుండా పక్కనెట్టుకుంతాం కదా," అన్నాడు. ఇన్నాళ్ళూ గొంతులు చించుకున్నాం గానీ ఆ ముక్క అడగాలని నాకూ తోచలేదు, చెప్పాలని అతనికీ తోచలేదు.

మేడమ్ మూత బిగిసే డబ్బా కొనిపించింది. మామ్మ తన పాత ఎర్ర చీర చింపి పీలికలు చేసింది. కవరుకొక పీలిక, అదే బండతనికి గుర్తు. నా ముడి వదులుగా ఉంటోందని, "మోపు కట్టినట్టు కట్టాలే, మెలేసి దోపు," అంటూ మంచం మీంచే నేర్పింది. బండతను వెనక విడిగా గోనెసంచి వేలాడదీసుకున్నాడు. ఎదురింటావిడ మళ్ళీ పలకరిస్తోంది. మేడమ్ మామ్మ చెయ్యి పట్టుకుని, "నిన్నెక్కడికీ పంపం మామ్మా," అని చెప్పింది. మామ్మ తలూపింది. ఇంక ఆ సంగతి అయిపోయిందనుకున్నాం.

నిన్న పొద్దున దుప్పటి మారుస్తుంటే తలగడ వెనక నల్ల కవరు తగిలింది. మళ్ళీ దాస్తోందే అని ఒళ్ళు మండిపోయింది. లాగబోతే మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీయే. అందులో నా కోకలే. బండి ఎల్లిపోయినాక నానే ఇప్పుకుంతాను."

బండి కవర్లు వదిలేస్తే ఆ పూటే తనని పంపేస్తారని, రోజూ లేవగానే సర్దుకుంటుందట. బండి మా కవర్లు పట్టుకెళ్ళిందని తెలిశాకే మళ్ళీ విప్పుతుందట.

"తీస్కెల్లేడా?" అని అడిగింది.

"తీస్కెల్లేడు మామ్మా. ఇప్పీసుకో."

ఆవిడ కవరు ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పడం మొదలుపెట్టింది. మోపు ముడే. దాని పైన, మా కవర్లకి కట్టినట్టే, ఎర్ర పీలిక కూడా కట్టి ఉంది.